చచ్చినా తీరని వెట్టి

నేటి కాలేజీ విద్యార్థుల్లో వీడియో గేమ్‌లు ఎరుగనివారు అరుదు. ఆడేవారిలో రెండు తెగలున్నాయి. ఒక తెగ ఆడి మరచిపోతుంది. రెండో తెగకు ఆట ముగిసిన తర్వాతనే అసలు పని మొదలవుతుంది. ఆ కథలో మొదట జబ్బుపడినవాడెవడు, మొదటి భాగంలో చెప్పిన తేదీకి మూడో భాగంలో చెప్పిన తేదీకి పొంతన ఎందుకు లేదు, గోడకు వేలాడే పటంలోని ముసలివాడెవడు - ఇవన్నీ పట్టిపట్టి విప్పి చూస్తుంది. చచ్చి లేచిన మనుషుల నుంచి ప్రాణం దక్కించుకునే జాంబీ గేమ్‌ల విషయంలో ఈ పరిశోధన మరీ ఎక్కువ. పెద్దలు దీన్ని పొద్దుపోని పని అంటారు. మన విమర్శకుల్లో కొందరు సామ్రాజ్యవాద సంస్కృతి విదిల్చిన ఎంగిలి అని ఒక్క మాటతో తేల్చివేస్తారు. రెండూ తొందరపాటు తీర్పులే. ఆ కుర్రవాళ్లు వేసే ప్రశ్నలు చరిత్రకారుడు వేసే ప్రశ్నలే. వచ్చిన చిక్కల్లా ఆ ప్రశ్నలు ఎక్కడికి వచ్చి ఆగిపోతున్నాయన్నదే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 1996లో జపాన్‌కు చెందిన కాప్‌కామ్ కంపెనీ ఒక గేమ్ విడుదల చేసింది. స్వదేశంలో దాని పేరు బయోహజార్డ్. తక్కిన ప్రపంచానికి అది రెసిడెంట్ ఈవిల్. అమెరికాలో ఒక పట్నం శివారున అడవిలో పాడుబడ్డ భవనం వుంటుంది. దాని కింద అంబ్రెల్లా అనే కంపెనీ రహస్య ప్రయోగశాల వుంటుంది. ఆ కంపెనీ పైకి మందులు అమ్ముతుంది. లోపల యుద్ధానికి పనికివచ్చే వైరస్‌ను తయారుచేస్తుంది. ఈ సంగతి ఆటగాడికి ఎవరూ కూచోబెట్టి చెప్పరు. గదుల్లో దొరికే కాగితాలూ, ఉత్తరాలూ, డైరీలూ చదివి తనే పోగుచేసుకోవాలి. అక్కడ జంతువులను కాచే నౌకరు డైరీ ఒకటి దొరుకుతుంది. తొలి పుటలో తోటివాళ్లతో పేకాడిన ముచ్చట వుంటుంది. పుటలు తిప్పేకొద్దీ వాక్యాలు కురచబడతాయి, భాష ఛిద్రమవుతుంది. చివరకు దురదా, ఆకలీ మాత్రమే మిగులుతాయి. ఇంతకుముందు తలుపు దగ్గర మీదపడబోతే మనం కాల్చి పడేసిన వికృతాకారం ఒకప్పుడు జీతానికి పనిచేసిన మనిషి అని అప్పుడు తెలుస్తుంది.

ఈ రకం ఆటలో చేతికి ఒక పని, కంటికి ఇంకొక పని. చెయ్యి కాలుస్తుంది, కన్ను చదువుతుంది. చేతికి ఎదురుగా వున్న గుంపు శత్రువు. కంటికి ఆ గుంపు ఒక నేరానికి బలైన జనం. వివరాలు తవ్వే అభిమాని కంటి పక్షాన నిలిచినవాడు. 1998 జులైలో భవనంలో జరిగినదానికీ, అదే ఏడు అక్టోబర్ 1న పట్నమంతా క్షిపణితో బూడిద కావడానికీ మధ్య ఏ రోజు ఏమి జరిగిందో పట్టికలు కట్టేవాడు అతనే. 2002లోనూ, 2019, 2020లలోనూ పాత భాగాలను తిరిగి తయారుచేసినప్పుడు కంపెనీ ఏ కాగితాన్ని మార్చింది, ఏది తీసివేసింది అని పోల్చి చూసేవాడూ అతనే. ఆధారాన్ని ఆధారంతో ఒరిపిడి పెట్టడం చిన్న విద్య కాదు.

2009లో వచ్చిన అయిదో భాగం కథను ఆఫ్రికాకు తీసుకుపోయింది. వైరస్‌కు మూలం అక్కడ ఒక భూగర్భ వనంలో పూసే పువ్వు అనీ, ఆ పువ్వు కోసం అంబ్రెల్లా అక్కడి జాతిని తరిమివేసి వారి నేలలోనే ప్రయోగశాల కట్టిందనీ అందులోని కాగితాలు చెబుతాయి. వలసదోపిడీ కథ ఇంతకన్న స్పష్టంగా ఎట్లా వుంటుంది? కాని అదే ఆటలో చేతికి అప్పగించిన పని తెల్ల సైనికుడిగా మారి నల్లవారి గుంపును కాల్చడం. 2007లో దాని ప్రచార చిత్రం చూసినప్పుడే జాతివివక్ష అన్న విమర్శ వచ్చింది. కాగితంలో ఒక న్యాయం, తుపాకిలో ఇంకొక న్యాయం! ఈ వైరుధ్యం ఒక్క కంపెనీ పొరపాటు కాదు. జాంబీ అన్న ఊహ నడిచివచ్చిన దారిలోనే అది వుంది. ఆ దారి హైతీలో మొదలైంది.

హైతీ కరీబియన్ సముద్రంలోని దేశం. ఫ్రెంచివారి ఏలుబడిలో సాన్ దొమింగ్ అన్న పేరుతో వున్నప్పుడు అక్కడి చెరకు తోటలు ఫ్రాన్సుకు బంగారం పండించాయి. ఆ తోటల్లో ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలు లక్షల్లో పనిచేసి చచ్చారు. చస్తే ప్రాణం సముద్రం దాటి తాతల గడ్డకు పోతుందన్నదొక్కటే వారికి మిగిలిన ఓదార్పు. ఆ ఓదార్పును కూడా లాగివేసే భయం పేరే జాంబీ. మంత్రగాడు శవాన్ని లేపి తన పొలంలో పని చేయిస్తాడు; చచ్చినా వెట్టి తీరదు. హైతీ రైతు కథల్లో జాంబీ మనుషులను పీక్కుతినడు. తలవంచుకుని పని చేస్తాడు. జనం భయపడింది అతన్ని చూసి కాదు, తామూ అట్లా అయిపోతామేమోనని.

ఆ కథల్లో ఒక చిన్న వివరం వుంది. జాంబీకి ఉప్పు పెట్టకూడదు. పొరపాటున ఉప్పు తింటే తాను చచ్చిన సంగతి గ్రహించి, పని వదిలి, తన సమాధి వైపు నడిచిపోతాడు. మనవైపు దొర ఉప్పు తిన్నవాడు దొరకు విశ్వాసంగా పడివుండాలి. హైతీలో ఉప్పు తిన్నవాడికి మెలకువ వస్తుంది. ఎవరు కల్పించుకున్న సామెత ఎవరికి పనికివస్తుందో ఈ రెండు ఉప్పులను పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.

1791లో ఆ బానిసలు తిరగబడ్డారు. 1804 జనవరి 1న స్వతంత్ర దేశాన్ని స్థాపించారు. అందుకు శిక్షగా 1825లో ఫ్రాన్సు వారి నెత్తిన 15 కోట్ల ఫ్రాంకుల నష్టపరిహారం రుద్దింది. చేజారిన తోటలకూ, చేజారిన బానిసలకూ బానిసల బిడ్డలే వెల చెల్లించాలట! 1915లో అమెరికా సైన్యం దిగి 1934 దాకా హైతీని ఏలింది. రోడ్లు వేయడానికి రైతులను వెట్టికి పట్టింది. ఆ ఏలుబడిపై తిరుగుబాటు నడిపిన షార్లమేన్ పెరాల్త్‌ను 1919లో చంపివేసింది.

అమెరికన్లకు జాంబీని పరిచయం చేసినవారిలో ముఖ్యుడు సీబ్రూక్. 1929లో అచ్చయిన ఆయన పుస్తకంలో జాంబీలు ఊడిగం చేసేది ఒక అమెరికన్ చక్కెర కంపెనీ తోటల్లో. 1932లో తీసిన వైట్ జాంబీ చిత్రంలో కూడా చక్కెర మిల్లు తిప్పేది నడిచే శవాలే. అంటే అప్పటికింకా యజమాని తెర మీద కనిపిస్తూనే వున్నాడు. 1968లో జార్జి రొమేరో తీసిన నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్‌తో కథ తిరగబడింది. చచ్చినవాళ్లు మనుషులను తినడం మొదలుపెట్టారు. వారిని లేపినవాడు మాయమైపోయాడు. రొమేరో సామాన్యుడు కాడు. ఆ రాత్రంతా ప్రాణం నిలుపుకున్న నల్ల కథానాయకుణ్ణి తెల్లవారాక తెల్లవారి దండు జాంబీ అనుకుని కాల్చివేస్తుంది. కాని ఆయన వెనక వచ్చినవారిలో చాలామంది ఆ చురకను వదిలివేసి గుంపును మాత్రం తీసుకున్నారు. ఒకనాటి వెట్టివాడు ఇప్పుడు ముట్టడించే మూక అయ్యాడు. భయం అదే; భయపడే వర్గం మారింది.

ఈ మూక ఎట్టకేలకు మన కర్నూలుకూ వచ్చింది. 2021 ఫిబ్రవరి 5న ప్రశాంత్ వర్మ దర్శకత్వంలో జాంబీరెడ్డి విడుదలైంది. తెలుగులో తొలి జాంబీ చిత్రంగా దానికి ప్రచారం దక్కింది. అందులో కథానాయకుడు హైదరాబాదులో వీడియో గేమ్‌లు తయారుచేసే యువకుడు. స్నేహితుడి పెళ్లికని కర్నూలు సీమకు వస్తాడు. ఇక్కడ ముఠాకక్షలు ఒక పక్క, జాంబీలు ఒక పక్క. నవ్వించడానికి తీసిన చిత్రం. హాస్యాన్ని తప్పుపట్టే పని మనకు లేదు. కాని వివరాలు విప్పే అభిమాని అడగవలసిన ప్రశ్న ఒకటుంది. జాంబీలను దింపడానికి కర్నూలే ఎందుకు తగిన నేల అనిపించింది?

జవాబు ఆ చిత్రానికి ముందే తయారై వుంది. 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఇంద్ర వంటి చిత్రాలు రాయలసీమను వేటకొడవళ్ల సీమగా ప్రేక్షకుడికి అలవాటు చేశాయి. వాటిలో బండ్ల నుంచి దూకే అనుచరులను జ్ఞాపకం చేసుకోండి. వారికి పేరు లేదు, కూలి లేదు, ఇంటి దగ్గర ఎదురుచూసే పెళ్లాం లేదు. దొర చెయ్యి ఊపితే వస్తారు, నాయకుడు చెయ్యి విసిరితే చస్తారు. మరి వీరు జాంబీలు కాక ఎవరు? నిజమైన ముఠాకక్షల్లో ఎక్కువగా నేలకొరిగింది చిన్న రైతులూ, కూలీలూ. సినిమా వారిని ఒకసారి మూకగా చంపింది. జాంబీ సినిమాకు రెండోసారి చంపే సౌకర్యం దొరికింది. వారిని లేపినవాడెవడన్న ప్రశ్న రెండుసార్లూ మరుగునే వుండిపోయింది.

ఇక ఈ నేల తన సొంత కాగితాలు ఏమి దాచుకున్నదో చూద్దాం. కోడుమూరు కర్నూలుకు నైరుతిగా హంద్రీ ఒడ్డున వున్న వూరు. వానను నమ్మి విత్తే పొలాలు ఈ ప్రాంతానివి. 1876లో వానలు పోయాయి. ధాత నామ సంవత్సరంలో వచ్చింది గనక జనం దాన్ని ధాత కరువు అన్నారు. ఆ కరువు నడుస్తుండగానే 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటిస్తూ లిట్టన్ ప్రభువు దర్బారు చేశాడు. కరువు ఖర్చు తగ్గించడానికి రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసు రాజధానికి పంపాడు. టెంపుల్ 1874 బీహారు కరువులో జనాన్ని బతికించినందుకు దుబారా మనిషని నింద మోసినవాడు. ఆ నింద కడుక్కోవడానికి ఈసారి మన ఆకలి దొరికింది. పగలంతా రాళ్లు కొట్టిన మగవాడికి ఒక పౌను ధాన్యం కూలి, పైన స్వల్పంగా పైకం. ఒళ్లు వంగేవాడికి ఇంటికి పది మైళ్ల లోపు పని ఇవ్వరాదని నిబంధన. ఈ తిండితో పనివాడు బతకడని మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి కార్నిష్ వాదించాడు. మైక్ డేవిస్ అనే మార్క్సిస్టు చరిత్రకారుడు 2001లో వెలువరించిన గ్రంథంలో లెక్కగట్టి చూపినదాని ప్రకారం, నాజీల బుకెన్‌వాల్డ్ శిబిరంలో పెట్టిన తిండి సైతం టెంపుల్ కూలికన్న ఎక్కువే.

1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లా తన జనంలో దాదాపు నాలుగో వంతు పోగొట్టుకుంది. ఆనాడు హూపర్ అనే సైనికాధికారి తీసిన ఛాయాచిత్రాలు మద్రాసు రాజధాని కరువు జనాన్ని చూపుతాయి. ఎముకల మీద చర్మం, ఆ ఎముకల వెనక కళ్లు. ఆ కళ్లు చూసినవాడికి ఇంకే జాంబీ చిత్రమూ భయం కలిగించదు. కార్నిష్ వాదప్రతివాదాలున్నాయి, 1878లో విలియం డిగ్బీ ప్రచురించిన కరువు చరిత్ర వుంది, జనాభా లెక్కలున్నాయి. పాడుబడ్డ భవనంలో దొరికే డైరీల వంటివే ఇవీ. పోగుచేసి చదివేవారే కరువు.

కరువు కూలి పాతకథ అందామా? కర్నూలు పడమటి పల్లెల్లో ఇవాళ్టికీ పంట చేతికి రాని ఏడు జనం ఇళ్లకు తాళాలు వేసి గుంటూరు మిరప కోతలకు పోతారు. దాన్ని సుగ్గి అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల సంబరం. సంబరం పేరు వలసకు పేరైన నేల ఇది. సుగ్గికి పోయిన ఇంటి పిల్లవాడి పేరు హాజరుపట్టీలో వుంటుంది, పిల్లవాడు వుండడు. ఉపాధ్యాయ పాఠకులకు ఇది ఒకరు చెప్పవలసిన సంగతి కాదు.

జాంబీ పుట్టిన హైతీయే మనకు ఇంకొక కథను కూడా ఇచ్చింది. హైతీ కమ్యూనిస్టు పార్టీ స్థాపకుడు జాక్ రూమేన్ రాసిన నవల ఆయన చనిపోయిన 1944లోనే వెలువడింది. 1947లో లాంగ్‌స్టన్ హ్యూస్, మెర్సర్ కుక్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. కథానాయకుడు మాన్యుయెల్ క్యూబా చెరకు తోటల్లో కూలికి పోయి, సమ్మె అంటే ఏమిటో నేర్చుకుని వూరికి తిరిగివస్తాడు. వూళ్లో వానలు లేవు. నేల పంపకంలో నెత్తురు పారి వూరు రెండు ముఠాలుగా చీలింది. అతను నీటి ఊట కనిపెడతాడు. ఆ నీటిని పొలాలకు తేవాలంటే రెండు ముఠాలూ కలిసి కాలువ తవ్వాలి. ఎదుటి ముఠావాడు అతన్ని పొడుస్తాడు. చచ్చిపోతూ కూడా, పగ మళ్లీ రగలకూడదని, పొడిచినవాడి పేరు బయటపెట్టవద్దని తల్లికి చెబుతాడు. కాలువ పారుతుంది. కరువూ, వలసా, కక్షా మూడూ తెలిసిన రాయలసీమ పాఠకుడికి ఈ నవల పరాయిదెట్లా అవుతుంది? మన సినిమాలు కక్షను నెత్తురు గుణంగా చూపాయి. రూమేన్ దాన్ని నేలకూ నీటికీ ముడివేసి చూపాడు. చచ్చినవాణ్ణి మంత్రం లేకుండా బతికించే ఉపాయం కూడా చూపాడు: అతని పనిని వూరంతా అందుకోవడం.

ఆట ఆటే కదా, దానికింత చరిత్ర దేనికని కొందరు అడగవచ్చు. ఆటలోని కంపెనీ గుట్టు విప్పడానికి రాత్రిళ్లు మేలుకునే కుర్రవాడు ఇప్పటికే ఆటను ఆటగా వదలడం లేదు. అతన్ని ఆడవద్దనడం వృథా, ఇంకొంచెం తవ్వమనాలి. ఆటలో దుర్మార్గం ఒక్క కంపెనీకి ఆపాదించి, ఆ కంపెనీ కూలగానే కథ ముగించవచ్చు. చరిత్రలో టెంపుల్ పోయాడు, లిట్టన్ పోయాడు. తాళం వేసిన ఇళ్లు పోలేదు. కోడుమూరు ప్రాంతపు విద్యార్థులు పదిమంది కలిసి తమ పల్లెలకు కాలపట్టిక కట్టవచ్చు. ధాత కరువునాటి నుంచి ఏ ఏడు వాన పోయింది, కరువు పనిలో ఏ చెరువు తవ్వారు, ఏ ఏడు ఎన్ని ఇళ్లు సుగ్గికి పోయాయి, ఏ కక్షలో ఎవరు చచ్చారు, ఆ కక్ష వెనక వున్న భూమి ఎవరిది? తేదీకి తేదీ, కాగితానికి కాగితం ఒరిపిడి పెట్టే అలవాటు వారికి ముందే వుంది. ఆ పట్టికలో చచ్చినవారికి పేర్లు వుంటాయి. పేరున్న మనిషిని మూకగా కాల్చడం ఏ ఆటలోనూ అంత సులువు కాదు.