పాలెమంటే ఊరు కాదా?

"మీదే ఊరండీ?" అని అడగకుండా మన గోదావరి జిల్లాల్లో ఇద్దరాడవాళ్ళు రైల్లో పక్కపక్కన కూర్చోలేరు. ఒకరు రావులపాలెమంటారు, ఒకరు సఖినేటిపల్లంటారు, ఇంకొకరు కడియపులంకంటారు. గోదారి పాయల మధ్య మేటవేసిన నేల లంక అని చిన్నపిల్లలకీ తెలుసు. మరి పాలెమంటే?

నిఘంటువు తిరగేస్తే, పాళెమంటే దండు విడిసిన చోటు. పాళేన్ని ఏలినవాడు పాళెగాడు. రానురాను పెద్ద ఊరికి శివారుగా వెలిసిన చిన్న ఊళ్ళకీ ఆ పేరే పడింది. అంచేత పాలెమన్న ప్రతిచోటా కత్తులు మోగాయనుకోనక్కర్లేదు.

ఈ ముచ్చట మనదొక్కరిదే కాదు. ఎక్కడో ఐరోపాలో ఉన్న అల్బేనియాలో పల్లెటూరిని 'ఫ్షాత్' అంటారు. దాని పుట్టిల్లు లాటిన్. చుట్టూ కందకం తవ్వుకున్న చోటని మొదటి అర్థం, తరవాత సైనికుల విడిది, ఆ తరవాత ఊరు! మన గ్రామం మాత్రం? సంస్కృతంలో మొదట జనసమూహమనే అర్థం. అలాంటి గుంపులు రెండు ఎదురుపడితే సంగ్రామం అయిందంటారు పండితులు.

మళ్ళీ మన పాలేనికొద్దాం. నరసాపురం దగ్గర వశిష్ఠ ఒడ్డున మాధవాయిపాలెం ఉంది. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ బట్టల కోసం అక్కడ వర్తక స్థావరం పెట్టుకుంది. మన నేతవాళ్ళ మెత్తని నూలుబట్ట ఓడలెక్కి, ఆ ఊరి పేరుతోనే 'మడపోలం' అయి ఫ్రెంచి, స్పానిష్ నిఘంటువుల్లోకి ఎక్కేసింది. తరవాత అలాంటి బట్టని అక్కడి మిల్లుల్లో నేసినా, పేరు మాత్రం మన పాలెందే.

అంత దూరం వెళ్ళిన మాటకి ఇంటిదగ్గర విలువ తక్కువ. ఊరంటే ఊరి నడుమ ఇళ్ళే. పాలెంలోంచీ, పేటలోంచీ, గూడెంలోంచీ పనికొచ్చే మనిషి "ఊళ్ళోకెళ్ళొస్తా" నంటుంది. పంచాయతీ ఒకటే, తాగే కాలవనీళ్ళూ ఒకటే. మాటలో మాత్రం గట్టు. పుట్టినూరు విడిచి మెట్టినూరు మనదనుకునేసరికి మనకి ఎన్నేళ్ళు పడుతుందో మనకి తెలుసు. తరతరాలుగా అక్కడే పొయ్యి వెలిగిస్తున్న వాళ్ళకి, ఇది మా ఊరని చెప్పుకోడానికి ఇంకెంతకాలం కావాలి?

మా ఇంటికి కూరలు తెచ్చే ఆవిడ ఎవరడిగినా "మాది ఊరు కాదండి, పాలెం" అంటుంది. ఆవిడకి ఈ మడపోలం కథ చెప్పాను. గంప దించి, నడుం మీద చెయ్యేసుకుని అంతా విని, "అయితే పాలెం పేరు దొరసానులు తొడుక్కున్నారన్నమాటండి!" అని ఒకటే నవ్వు.