తిథి లేని అతిథి

అతిథి యను మాటకు పెద్దలు చెప్పిన అర్థములలో నాకు మిక్కిలి ఇష్టమైనది, రాకకు తిథి లేనివాడని. ముందుగా ఉత్తరము వ్రాసి, ఫలానా బండికి దిగెదనని తెలిపి వచ్చువాడు చుట్టము; అట్లు తెలుపుటకు మనలో ఎవరినీ ఎరుగక, ఏ మిట్టమధ్యాహ్నముననో గుమ్మము ముందు నిలుచువాడు అతిథి. బళ్ళారి గాంధీనగరులో నా చిన్ననాడు అట్టివాడెవడు వచ్చినను, ఊరు పేరు అడుగుటకు ముందే మా అవ్వ ఇత్తడి చెంబుతో నీళ్ళును, దాని ప్రక్కన చిన్న బెల్లపుముక్కయు తెచ్చి అరుగు మీద పెట్టెడిది. దప్పిక తీరిన పిమ్మటనే ప్రశ్న. ఆ ప్రశ్నయైనను తెలుగున అడుగవలెనా, కన్నడమున అడుగవలెనా యన్నది వచ్చినవాడు నోరు విప్పి పలికిన మొదటి మాటను బట్టి నిర్ణయమయ్యెడిది గాని, మా ఇష్టమును బట్టి కాదు.

ఆకాశమునుండి దిగివచ్చిన పరగ్రహవాసిని, నా అనువారు లేని కొందరు ఒంటరి మనుష్యులు చేరదీసి, వాని పలుకు నేర్చి, వానికి తమ పలుకు నేర్పి, తుదకు వాని మూలముననే ఒకరికొకరు ఆత్మీయులగుట నేటి వైజ్ఞానిక నవలలలో పలుమారు కనిపించు ఇతివృత్తము. ఇది పడమటి దేశములనుండి దిగుమతియైన ఊహయని తలచువారు కలరు. ఈ ఊహకు మన నేలమీద సుదీర్ఘమైన పూర్వచరిత్ర కలదనియు, అందు బళ్ళారికి చెప్పుకొనదగిన పాలు కలదనియు నా విశ్వాసము.

సాహిత్యమున ఆ చరిత్రకు మొదటి పుట నలోపాఖ్యానము. నన్నయభట్టు అరణ్యపర్వమున తెలిగించిన ఈ కథనే శ్రీనాథుడు శృంగారనైషధమున పెంచి పోషించెను. ఉద్యానవనమున నలునికి చిక్కిన బంగారు హంస మనుష్యభాష పలుకును. అతడు దయదలచి విడిచిపుచ్చగా, ఆ మేలు మరువక దూతయై దమయంతి కడకు పోవును. స్వయంవరమున ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుని రూపమే దాల్చి వరుసగా కూర్చుండినపుడు దమయంతి వారిని ఆనవాలు పట్టిన తీరు చూడుడు: వారి కనులు రెప్ప వాల్చవు, మేన చెమట పట్టదు, మెడలోని పూవులు వాడవు, నీడ పడదు, పాదములు నేలను తాకవు. అన్యలోకమువారిని చూచి బెదరక, నిదానముగా పరికించి వారెవరో తెలిసికొన్న ఆ కన్య చూపులో శాస్త్రజ్ఞుని ఓర్పు కలదు.

ఆ కథయందే ఇంకొక ఘట్టము నన్ను మరింత కదలించును. రాజ్యము పోయి, భార్యను విడిచి, అడవిలో దిక్కులేనివాడై తిరుగుచున్న నలునికి కార్చిచ్చు నడుమనుండి తన పేరు పెట్టి పిలిచిన గొంతు వినబడును. కదలలేని శాపమున పడియున్న కర్కోటకుడను నాగరాజు పిలుపది. నలుడు మంటలోనికి చొచ్చి వానిని ఎత్తికొని వచ్చును. నాగుడు కాటువేసి అతని రూపు మార్చును గాని, ఆ మార్పే అతనికి రక్ష యగును. నిజరూపము తిరిగి పొందుటకు వస్త్రములను గూడ ఇచ్చును. సింహాసనముపై నున్ననాడు నలునికి ఆ కేక వినబడియుండునా? సభ నిండుగా ఉన్నవానికి క్రొత్త గొంతుతో పనిలేదు. ఒంటరివాని చెవికి తీరిక కలదు, వాని మనస్సునకు అవసరము కలదు; కావుననే అన్యలోకపు అతిథి కథలన్నింట మొదట పిలుపు వినువాడు ఒంటరివాడే యగుచున్నాడు.

ఈ నలకథను తెలుగు రంగస్థలమునకు ఎక్కించినది మా బళ్ళారియే. న్యాయవాదియైన ధర్మవరము రామకృష్ణమాచార్యులు, ఊరికి వచ్చిన ధార్వాడ నాటకసమాజమువారి ప్రదర్శనములు చూచి ప్రేరితులై, సరసవినోదినీ సభను నెలకొల్పి, 1880ల చివరిభాగమున తమ చిత్రనళీయమును ఇక్కడనే ఆడించిరి. పరాయి భాషలో ఆడిన పరవూరి బృందమునకు ఊరు చెవియొగ్గుటవలన తెలుగు నాటకమునకు ఒక పితామహుడు లభించెనన్నమాట. ఆయన బాటలో పెరిగిన బళ్ళారి రాఘవ తెలుగుననే గాక కన్నడమునను, హిందీలోను, ఆంగ్లమునను పాత్రలు ధరించిన మహానటుడు.

అతిథి మిత్రుడై వచ్చునను హామీ ఎక్కడను లేదు. 1898లో హెచ్.జి. వెల్స్ ప్రకటించిన 'లోకముల పోరు' నవలలో అంగారకవాసులు ఇంగ్లండును కాల్చివేయుటకే దిగుదురు. ఐరోపావారు టాస్మేనియా ఆదివాసులను ఎట్లు తుడిచిపెట్టిరో గ్రంథారంభముననే తలపించి, ఆ గతి తనవారికి పట్టినచో ఎట్లుండునని వెల్స్ అడిగెను. 1800లో నిజాము ఈ సీమను కుంపిణీకి దత్తము చేసిననాడు ఇచ్చటి రైతునకును దొరలు అన్యలోకమువారివలెనే కనిపించియుందురు. అయినను ఆ దొరలలో ఒకడైన థామస్ మన్రో ఏడేండ్లపాటు ఊరూరను గుడారములు వేసికొని, రైతుల మాట వారి నోటనే విని, శిస్తు నిర్ణయించుటచేత, 1827లో పత్తికొండ వద్ద కలరా సోకి మరణించిన పిమ్మటను ఈ సీమలో ఆయన పేరు ఆదరముతో నిలిచెను. పరాయివాడు శత్రువో మిత్రుడో తేల్చునది వాని పుట్టుక కాదు, వాడు వినునా వినడా యన్నది.

వెల్స్ చూపిన భయమునకు బదులుగా స్నేహమును నిలిపిన కథ మన దేశముననే పుట్టెను. 1962లో సత్యజిత్ రాయ్ బెంగాలీ బాలల పత్రిక 'సందేశ్'లో బంకుబాబు అను పల్లెటూరి బడిపంతులు కథ వ్రాసెను. తోటివారు సాయంకాలపు గోష్ఠులలో ప్రతిదినము ఆటపట్టించు ఆ సాధువు, వెదురుతోపులో దిగిన పరగ్రహయాత్రికునితో కొంతసేపు మాటలాడి వచ్చిన పిదప తలయెత్తి నడువ నేర్చును. 1967లో రాయ్ ఇట్టి భావముతోనే ఒక చలనచిత్రమునకు కథనము సిద్ధపరచెను గాని అది తెరకెక్కలేదు. 1963లో వచ్చిన 'కలై అరసి' యను తమిళచిత్రమున, తమ లోకమున సంగీతము లేని కొరత తీర్చుకొనుటకై పరగ్రహమువారు భూమికి వచ్చి ఒక గాయనిని తీసికొనిపోవుదురు. ఆ గాయని పాత్ర ధరించినది ఒంగోలు సీమలోని దొడ్డవరమున పుట్టిన మన భానుమతి. ఆకాశమువారు మననుండి కోరదగినది బంగారము కాదు, పాట యన్న ఆ ఊహ ఎంత అందమైనదో, అంత నిజమును కావచ్చునని పదునాలుగేండ్లకు తేలెను.

ఈ కథలు పుట్టుటకు మునుపే మా ఊరికి ఒక ఒంటరితనము ప్రాప్తించియుండెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు పోగా, బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరెను. ఆ గీత న్యాయమా కాదాయని తూచుట ఈ వ్యాసమునకు పని కాదు. గీతకు ఇవతల మిగిలిన తెలుగు కుటుంబములు తమ భాషను ఇంటిలోను, కన్నడమును బజారులోను పలుకుచు, రెండింటను చుట్టరికము పెంచుకొనిన విధమే నాకు ముఖ్యము. ప్రొద్దున గాంధీనగరు వీధిలో "ఊటా ఆయ్తా?" అన్నవారికి "ఆయ్తు" అనియు, రెండడుగులు దాటి "భోంచేస్తిరా?" అన్నవారికి "అయింది" అనియు బదులు చెప్పుచు పోవుట మాకు ఊపిరి తీసినంత సహజము.

ఈ రెండు భాషలును ప్రక్కప్రక్కన మరియొక చోట కలిసి ప్రయాణించుచున్నవని తెలిసిననాడు నా కనులు చెమర్చినవి. 1977 ఆగస్టు 20న వాయేజర్-2, సెప్టెంబరు 5న వాయేజర్-1 అను రెండు నౌకలను అమెరికావారు ఆకాశమునకు పంపిరి. కార్ల్ సేగన్ నాయకత్వమున కూర్చిన ఒక్కొక్క రికార్డు వానికి తగిలింపబడెను: పండ్రెండంగుళముల రాగిపళ్ళెము, దానిపై బంగారుపూత, వినిపించుటకు ముల్లు, ఎట్లు త్రిప్పవలెనో తెలుపు బొమ్మలు, మన సూర్యుని ఉనికి చెప్పుటకు 14 పల్సర్ల పటము. అందు 27 సంగీతఖండములు కలవు. వానిలో కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి యొకటి. ఎవరో, ఎక్కడివారో తెలియని శ్రోతకు 55 భాషలలో పలుకరింపులు కలవు. వానిలో తెలుగును కన్నడమును రెండును కలవు! రెండును నమస్తే యన్న మాటతోనే మొదలై, తమ తమ భాష మాటలాడువారందరి పక్షమున శుభము కోరుచున్నవి. ఏ తాలూకా ఏ రాష్ట్రమునదో ఆ పలుకరింపులకు తెలియదు. 2012లో వాయేజర్-1, 2018లో వాయేజర్-2 సూర్యుని ప్రభావసీమను దాటి నక్షత్రాంతర ప్రదేశమున ప్రవేశించినవి. వేరొక నక్షత్రపు చేరువకు పోవుటకు వానికి సుమారు 40,000 సంవత్సరములు పట్టును. వినువాడుండునో ఉండడో తెలియకయే పలుకరించితిమి; అతిథికై ముందుగానే అరుగుమీద చెంబు పెట్టితిమి.

అయితే పంపుట ఒక ధర్మము. మనకు వచ్చినదానిని వినుట వేరొక ధర్మము. అట్టి సందేశమొకటి ఊరినుండి ఒక పూటలో పోయి రాగల దూరమున, సంగనకల్లు ప్రక్కన కుప్పగల్లు కొండమీద కలదు. అయిదువేల ఏండ్లనాడు ఈ ప్రాంతమున ఆవులమందలతో బ్రతుకు మొదలిడిన నవశిలాయుగపు జనులు, వారి సంతతులును, అక్కడి నల్లరాతిపై పొడవైన కొమ్ముల ఎద్దులను, మనుష్యాకృతులను చెక్కిరి. 1892లో ఫాసెట్ అను ఆంగ్లేయుడు వానిని గూర్చి వ్రాసెను. పిమ్మట విద్వాంసులు చాలకాలము వానిని మరచిరి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన నికోల్ బోయివిన్ 2004లో ప్రకటించిన వ్యాసమువలన ఆ కొండ మరల లోకమునకు తెలిసెను. అందలి విశేషము బొమ్మలు మాత్రమే కాదు. కొన్ని బండలపై చేతిరాతితో కొట్టికొట్టి అరగిన గుంటలు కలవు. ఆ చోట కొట్టినపుడు బండ గంటవలె మ్రోగును. ఒకనాటి సాయంకాలము నేను అట్టి గుంటలో వ్రేలు పెట్టి చూచితిని. చుట్టునున్న రాయి గరుకు. గుంట లోపల మాత్రము మా అవ్వ రోలువలె నునుపు. ఎన్ని చేతులు, ఎన్ని రాత్రులు, ఏ దేవతకై, ఏ పండుగకై కొట్టినవో! కొట్టినవారికి మనము పుట్టుదుమన్న ఎరుక లేదు. అయినను వారి స్వరము చెడక మన చేతికందినది. బొమ్మయు స్వరమును కలిసిన ఆ బండ, రాగిపళ్ళెమునకు ముందుతరము రికార్డు. దానికి శ్రోతలము, అన్యలోకమువారము, మనమే.

నేనట్లు నిలుచుండగా దూరమున క్వారీలో రాయి పగిలిన చప్పుడు వినవచ్చెను. కుప్పగల్లు కొండలలో కొంతభాగము ఇప్పటికే కంకరరాతికై తవ్వకములపాలైనది. నలువదివేల ఏండ్లకు ఎవడో మన నమస్కారమును విని ఆదరించునని ఆశించు మనము, ఇంటి ముంగిట మ్రోగుచున్న పిలుపును సుత్తికి అప్పగించుట తగునా? మన పిల్లలను వెంట తీసికొనిపోయి ఆ ఎద్దులను చూపవలెను, ఆ గుంటల నునుపు తెలుపవలెను. ఏ భాషలో చెప్పినను సరియే. ఊరు పేరు అడుగుటకు వీలులేని ఆ ప్రాచీన అతిథికి మనము ఇయ్యగల నీళ్ళును బెల్లమును, ఆ కొండను కొండగా ఉండనిచ్చుటయే.