పేరున్న బిందె

“పేరు గీకిపిస్తనమ్మా, కొత్తదాని లెక్క మెరుస్తది” అన్నాడు దుకాణం పెద్దాయన. ఆ మాట పూర్తికాకముందే నాయినమ్మ బిందెను ఒళ్లోకి లాక్కుంది.

ఆ ఆదివారం చార్మినార్ చూద్దామని ఇంటిల్లిపాదీ బయలుదేరాం. లాడ్ బజార్‌లో చెల్లికి గాజులు కొన్నాక నాన్న మమ్మల్ని ఇంకాస్త లోపలికి, మహబూబ్ చౌక్‌కి నడిపించాడు. ఆరో నిజాం దగ్గర ప్రధానిగా ఉన్న ఆస్మాన్ జా 1892లో కట్టించిన గడియార స్తంభం అక్కడే ఉంది. జనం నోట ఆ చౌక్ ముర్గీ చౌక్. కోళ్ల అరుపుల మధ్యే పాత సామాన్ల దుకాణాలు.

ఆగిపోయిన గోడ గడియారాలు, గ్రామఫోను బాకా, చార్మినార్ బొమ్మ ఉన్న ఉస్మానియా సిక్కాలు. ఒక బిద్రీ పాత్ర దగ్గర నాన్న కదల్లేదు. జింకు, రాగి కలిపి పోతపోసి, వెండి పొదిగి, బీదర్ కోట మట్టినీ నవాసాగరాన్నీ పట్టిస్తే లోహం నల్లబడుతుందట, వెండి మాత్రం తెల్లగానే మిగులుతుందట. మేం నోరు తెరిచి వింటున్నాం. నాయినమ్మ ఏమైందో ఎవరం చూడలేదు.

తూకానికి వచ్చిన ఇత్తడి కుప్ప ముందు కూర్చుని ఉంది. చేతిలో సొట్టబోయిన బిందె. మెడ చుట్టూ ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన తెలుగు అక్షరాలు. చంకన ఎత్తుకున్నప్పుడు చెయ్యి ఆనేచోట అరిగిపోగా, మిగిలింది ఇంతే: ‘...మ్మకు తల్లిగారు పెట్టినది’.

“నాకూ మా అమ్మ గిసొంటిదే పెట్టింది బిడ్డా. స్టీలు గిన్నెలోడొస్తే రెండు పళ్లేలకు ఇచ్చేసిన.”

ఆ మాట ఇంట్లో ఎప్పుడూ అనలేదు. అమ్మ వెళ్లి పక్కన కూర్చుంది.

“పేరున్నవి ఎవరూ కొనరమ్మా, అందుకే గీకుతం” అన్నాడాయన, నెమ్మదిగా. నాకు కడుపులో దేవినట్లయింది. దివాన్లు కట్టించిన గడియారానికి రాసిపెట్టిన చరిత్ర ఉంది. పుట్టింటి బిందెతో అత్తారింటికి వెళ్లిన ఆడబిడ్డకు ఆ చుక్కలే గదా ఉన్నది!

నాన్న బేరమాడలేదు. ఇత్తడి తూకం ధరకే ఇచ్చాడు పెద్దాయన, పాత కాగితంలో చుట్టి.

రాత్రి నాయినమ్మ చింతపండు నానబెట్టి పెరట్లో కూర్చుంది. ఎవర్నీ ముట్టనివ్వలేదు. తోమగా తోమగా అరిగినచోట ఇంకో అక్షరం తేలింది. ‘ల్ల’.

“ఎల్లమ్మనో, మల్లమ్మనో, పుల్లమ్మనో...” తనకు తెలిసినవాళ్లందర్నీ తలుచుకుంటూ చాలాసేపు మేలుకునే ఉంది.

తెల్లారి చూస్తే ఆమె మంచం పక్కన బిందె నిండా నీళ్లు. మూత మీద గ్లాసు బోర్లించి ఉంది.