బ్లాక్‌మెయిల్: నల్ల శిస్తు కథ

‘బ్లాక్‌మెయిల్’ అనగానే మనకు ఆకాశరామన్న ఉత్తరం గుర్తొస్తుంది. నిజానికి ఇందులోని ‘మెయిల్’కు ఉత్తరాలతో సంబంధం లేదు. పాత స్కాట్లాండు వాడుకలో ఆ మాటకు కౌలు, శిస్తు అని అర్థం. భూస్వామికి వెండి నాణేలతో కట్టేది తెల్ల శిస్తు. దోపిడీదారులకు భయంతో కట్టేది నల్ల శిస్తు.

16వ శతాబ్దంలో ఇంగ్లండ్, స్కాట్లాండు సరిహద్దు కొండల్లో కొన్ని వంశాలకు పశువుల దొంగతనమే జీవనాధారం. వాళ్లను రీవర్లు అనేవారు. రాత్రివేళ గుర్రాల మీద వచ్చి మందలను తోలుకుపోయేవారు, ఇళ్లు తగలబెట్టేవారు. లండన్, ఎడిన్‌బరోల నుంచి సాయం వచ్చేలోపే అంతా అయిపోయేది. అందుకే రైతులు డబ్బో, ధాన్యమో, పశువులో ఒక బలమైన వంశానికి ముట్టజెప్పి బతికేవారు. చాలాసార్లు కాపలాదారూ దొంగా ఒక్కడే!

1601లో ఎలిజబెత్ రాణి కాలపు పార్లమెంటు కంబర్లాండ్, నార్తంబర్లాండ్, వెస్ట్‌మోర్లాండ్, డర్హమ్ కౌంటీల కోసం ఒక చట్టం చేసింది. నల్ల శిస్తు వసూలు చేసినవాడికే కాదు, కట్టినవాడికీ మరణశిక్షే. రక్షణ ఇవ్వలేని ప్రభుత్వం భయపడ్డవాణ్ణి కూడా నేరస్థుణ్ణి చేసింది. 1603లో రెండు రాజ్యాలకూ ఒకే రాజు వచ్చి, సరిహద్దుకు రెండు వైపులా అణచివేత మొదలుపెట్టాకే రీవర్ల ఆట కట్టింది.

19వ శతాబ్దానికి ఆ మాట అర్థం మారింది. మందల స్థానంలోకి పరువు వచ్చింది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 383వ సెక్షన్‌లో మొదటి ఉదాహరణే, డబ్బివ్వకపోతే పరువు తీసే రాత ప్రచురిస్తానని బెదిరించడం. నేటి భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్‌లోనూ అది ఉంది. ఇక్కడ బెదిరించినవాడే నేరస్థుడు, డబ్బిచ్చినవాడు బాధితుడు.

చట్టం మారినా మన ఇళ్లలో తీర్పు మారలేదు. ఒక ఫొటో చూపించి ఎవడో బెదిరిస్తుంటే పిల్లలు మనతో చెప్పరు. ‘అసలు నువ్వెందుకు పంపావు?’ అని ముందు తమనే నిలదీస్తామని వాళ్లకు తెలుసు. ఆ ప్రశ్నలో 1601 నాటి చట్టం ఇంకా బతికే ఉంది. బెదిరించేవాడికి బలం ఆ మౌనమే.

గురువులకూ, తోటి పూర్వ విద్యార్థులకూ నా విన్నపం ఒక్కటే. పిల్లలు నోరు విప్పితే ముందు విందాం. డబ్బు కట్టనివ్వొద్దు, మెసేజ్‌లు చెరపనివ్వొద్దు. సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి మనమే పక్కన కూర్చుని ఫోన్ చేయిద్దాం.