మాడిసన్ స్క్వేర్ గార్డెన్ నాలుగు కట్టడాల చరిత్ర: ఒక పరిశీలన

న్యూయార్క్ నగరంలోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ నేడు మాడిసన్ స్క్వేర్‌లో లేదు. అందులో తోట కూడా లేదు. ఒకే పేరుతో వరుసగా వెలసిన నాలుగు క్రీడా వినోద మందిరాలలో ప్రస్తుతమున్నది నాలుగవది. బాక్సింగ్ పోటీలకు, సంగీత సభలకు ఇది ప్రసిద్ధి. అయితే నగర భూమి చేతులు మారిన తీరులో భాగంగా, ముఖ్యంగా రైల్వే స్థలాల చరిత్రలో భాగంగా పరిశీలించినప్పుడే దీని పరిణామం స్పష్టమవుతుంది.

మాడిసన్ అవెన్యూ, 26వ వీధి కలిసే చోట న్యూయార్క్ అండ్ హార్లెం రైల్‌రోడ్ స్టేషన్ ఉండేది. 1871లో గ్రాండ్ సెంట్రల్ డిపో ప్రారంభమయ్యాక అది నిరుపయోగమైంది. సర్కసు నిర్వాహకుడు పి.టి. బార్నమ్ 1874లో దానిని ప్రదర్శనశాలగా మార్చాడు. 1879లో యజమానులైన వాండర్‌బిల్ట్ కుటుంబం దానికి ప్రస్తుత నామాన్ని ఇచ్చింది. దానికి పైకప్పు లేదు. అంటే ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఈ ఇండోర్ స్టేడియం ఆరుబయటనే పుట్టిందన్నమాట.

రెండవ కట్టడం 1890లో స్టాన్‌ఫర్డ్ వైట్ రూపకల్పనతో అదే స్థలంలో వెలసింది. 1906లో ఆ భవనం పైఅంతస్తు నాటకశాలలోనే వైట్ హత్యకు గురికావడం అందరికీ తెలిసిన కథ. చరిత్రకారుడు గమనించవలసినది మరొకటి: ఆ సుందర భవనం ఆర్థికంగా ఎన్నడూ నిలదొక్కుకోలేదు. తాకట్టు హక్కు గల న్యూయార్క్ లైఫ్ ఇన్సూరెన్స్ కంపెనీ దానిని స్వాధీనపరచుకొని, 1925లో కూల్పించి, తన ప్రధాన కార్యాలయాన్ని నిర్మించుకుంది.

ఇక్కడే పేరు స్థలం నుండి విడివడింది. బాక్సింగ్ నిర్వాహకుడు టెక్స్ రికార్డ్ ఎనిమిదవ అవెన్యూలో 249 రోజులలో మూడవ గార్డెన్‌ను కట్టించాడు. 1939 ఫిబ్రవరి 20న నాజీ అనుకూల జర్మన్ అమెరికన్ బుండ్ సభకు సుమారు 20,000 మంది హాజరైనది ఇక్కడే. 1943లో యూదుల ఊచకోతను అమెరికన్ల దృష్టికి తెచ్చిన ప్రదర్శన జరిగినదీ ఇక్కడే.

నాలుగవ కట్టడంతో కథ మళ్లీ రైల్వే వద్దకే వచ్చింది. 1910లో ప్రారంభమైన పెన్సిల్వేనియా స్టేషన్, వైట్ భాగస్వామిగా ఉన్న మెక్‌కిమ్, మీడ్ అండ్ వైట్ సంస్థ రూపొందించిన మహా నిర్మాణం. నష్టాలలో కూరుకుపోయిన రైల్వే కంపెనీ దాని పైభాగపు నిర్మాణ హక్కులను విక్రయించింది. 1963లో కూల్చివేత మొదలైంది. రైళ్లు, ప్రయాణికులు భూగర్భానికి పరిమితం కాగా, పైన 1968లో కొత్త గార్డెన్ తెరుచుకుంది. మొదటి గార్డెన్ రైల్వే విడిచిపెట్టిన చోట వెలిసింది. నాలుగవది నడుస్తున్న స్టేషన్ నెత్తిన కూర్చుంది. వాస్తుశిల్పుల నిరసన స్టేషన్‌ను కాపాడలేకపోయినా, 1965లో నగరం చారిత్రక కట్టడాల పరిరక్షణ చట్టం చేయడానికి ప్రేరణనిచ్చింది. ఆ చట్టం కిందనే 1978లో సుప్రీంకోర్టు తీర్పుతో గ్రాండ్ సెంట్రల్ దక్కింది.

భారతీయులకు ఈ నాలుగవ మందిరం రవిశంకర్ చొరవతో 1971 ఆగస్టు 1న బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థం జరిగిన కచేరీల వేదికగా చిరపరిచితం. ఆనాటి శ్రోతల పాదాల కింద కూడా రైళ్లు నడుస్తూనే ఉన్నాయి. గార్డెన్ స్తంభాలు నేటికీ స్టేషన్ ప్లాట్‌ఫారాల మధ్యకు దిగి, విస్తరణకు అడ్డుగా నిలుస్తున్నాయి. 1963లో 50 ఏళ్లకు లభించిన నగర ప్రత్యేక అనుమతిని 2013లో 10 ఏళ్లకు, 2023లో 5 ఏళ్లకు మాత్రమే పొడిగించారు.