బంగారు చేప – బంగారుతీగ

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం ఇవ్వమని సంపాదకవర్గం వారు కోరారు. గద్వాల కోట గురించీ వనపర్తి సంస్థానం గురించీ నాకన్నా బాగా రాయగల పెద్దలు మనలో ఉన్నారు. అందుచేత నేను రాజుల జోలికి పోకుండా, మనవలు ముచ్చటపడి తెచ్చుకునే గాజుతొట్టి బంగారు చేపను, మా తెలకపల్లి వైపు చెరువుల్లో వలకు పడే బంగారుతీగను ఎంచుకున్నాను. రెండూ ఒకే కుటుంబానికి చెందిన చేపలు. రెండూ మనిషి చేతిలో పెరిగి ప్రపంచమంతా తిరిగినవే.

ముందుగా బంగారు చేప. దీని పుట్టిల్లు చైనా. దీని పూర్వీకులు అక్కడి చెరువుల్లో, మందంగా పారే నీళ్లలో బతికే బూడిదరంగు చేపలు. జనం వాటిని కూరకు పట్టుకునేవారు. అటువంటి చేపల్లో ఎప్పుడో ఒకటి ఎర్రగానో పసుప్పచ్చగానో పుడుతుంది. ఎర్ర పొలుసుల చేపలను చూసినట్లు జిన్ వంశపు కాలం (క్రీ.శ. 265–420) నాటి ప్రస్తావనలున్నాయి. కానీ మామూలు చెరువులో అటువంటి చేప ఎక్కువ రోజులు నిలవదు. మెరిసేదాన్నే కొంగ ముందుగా ఎత్తుకుపోతుంది.

మరి ఆ రంగు ఎట్లా నిలిచింది? జీవదయ వల్ల. టాంగ్ వంశపు కాలంలో (618–907) బౌద్ధులు పట్టుబడిన చేపలను విడిపించి విహారాల కొలనుల్లో వదలడం పుణ్యకార్యంగా భావించేవారు. రంగు చేప దొరికితే వండుకోక అక్కడికి చేర్చేవారు. ఆ కొలనుల్లో రంగు చేపకు రంగు చేపే జత దొరికింది. పిల్లల్లో రంగు స్థిరపడింది. 12వ శతాబ్దంలో సుంగ్ చక్రవర్తి గావోజుంగ్ హాంగ్‌ఝౌ నగరంలో వీటికోసం ప్రత్యేకంగా కొలను ఏర్పాటు చేయించాడు.

మింగ్ వంశపు కాలం (1368–1644) నాటికి ఈ చేప కొలను నుండి ఇంటి తొట్టిలోకి వచ్చింది. అసలు మలుపు ఇదే. తొట్టిలో పోటీ లేదు, శత్రువు లేదు, వేళకు మేత ఉంది. సరిగా ఈదలేనిది కూడా బతుకుతుంది. ఏ చేపను ఏ చేపతో జతపరచాలో యజమానే నిర్ణయించగలడు. జంట తోకలవి, వీపు మీద రెక్క లేనివి, కళ్లు ఉబ్బినవి అట్లా వచ్చినవే. 1596లో ఝాంగ్ చ్యాండె అనే పండితుడు ఈ చేపల పెంపకం మీద ఒక గ్రంథమే రాశాడు. 16వ శతాబ్దంలో జపానుకు, 17వ శతాబ్దంలో ఐరోపాకు ఇవి చేరాయి. జంట తోకకు కారణం ఒక జన్యువులో వచ్చిన మార్పేనని తైవాన్‌లోని శాస్త్రజ్ఞులు 2014లో తేల్చారు.

పెన్షనరు మిత్రులకు నచ్చే సంగతి ఒకటి. ఇంగ్లండులో టిష్ అనే బంగారు చేప 43 ఏళ్లు బతికి 1999లో కన్నుమూసింది. చాలామంది సర్వీసు కన్నా అది ఎక్కువే!

ఇక్కడ ఒక తేడా గమనించాలి. మచ్చిక చేయడం వేరు, పెంపుడు జాతిగా మార్చడం వేరు. ఏనుగును అడవి నుండి పట్టి తెచ్చి మచ్చిక చేసేవారు. ఆవు తరతరాలుగా మన కొట్టంలోనే ఈనుతోంది. బంగారు చేప ఆవు వంటిది. నిలిచిన నీటిలోనే గుడ్లు పెడుతుంది కనుక తరం వెంట తరం మనిషి చేతిలో ఉండిపోయింది.

మన బొచ్చె, రవ్వ చేపలు అట్లా కాదు. అవి సహజంగా వానకాలపు వరదలో, పారే నదిలోనే గుడ్లు పెడతాయి. చెరువులో ఎంత బలిసినా పిల్లలు కావు. అందుకే పూర్వం గంగ వంటి నదుల్లో చేపపిల్లలను పట్టి తెచ్చి చెరువుల్లో వదిలేవారు. 1957 జూలై 10న ఒరిస్సాలో హీరాలాల్ చౌధురి, అలికుంఞి అనే శాస్త్రజ్ఞులు పీయూష గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి కార్ప్ జాతి చేపలచేత గుడ్లు పెట్టించగలిగారు. ఆ రోజునే జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నాము.

బంగారుతీగకు ఆ సూదిమందు అవసరం కూడా లేదు. చెరువులోని నాచుకు, గడ్డికి గుడ్లు అంటించి తానే పిల్లలను చేస్తుంది. చైనాలో ప్రాచీన కాలం నుండీ, ఐరోపాలో మధ్యయుగపు క్రైస్తవ మఠాల చెరువుల్లోనూ దీన్ని పెంచారు. మన దేశానికి 1939లో సిలోన్ నుండి నీలగిరికి ఒక రకం, 1957లో బ్యాంకాకు నుండి కటకానికి మరో రకం వచ్చాయి. తెలంగాణలో 2016లో మొదలైన ఉచిత చేపపిల్లల పంపిణీలో బొచ్చె, రవ్వలతో పాటు ఇదీ ఉంది. పరదేశపు చేపకు మనవాళ్లు ఎంత ముద్దుగా తెలుగు పేరు పెట్టుకున్నారో చూడండి!

అయితే ముద్దుతోపాటు జాగ్రత్త కూడా కావాలి. బంగారుతీగ మేతకోసం అడుగు బురదను తవ్వుతుంది, నీటిని బురద చేస్తుంది. కాశ్మీరు సరస్సుల్లో ఇది ప్రవేశించాక అక్కడి స్వదేశీ చేపలు తగ్గిపోయాయి. బంగారు చేపదీ అదే తీరు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు బర్న్స్‌విల్ పట్టణ అధికారులు, ఇళ్లలో పెంచిన బంగారు చేపలను చెరువుల్లో వదలవద్దని 2021లో ప్రజలను కోరవలసి వచ్చింది. అక్కడ అవి బంతులంత పెరిగి దొరికాయి.

ఇందులో వింత ఏమిటంటే, బంగారు చేప పిల్లలు ఈనాటికీ మట్టిరంగుతోనే పుడతాయి. బంగారు రంగు వారాలు, నెలలు గడిచాక వస్తుంది. వెయ్యేళ్ల పెంపకం తరువాత కూడా పూర్వీకుల రంగు వాటి ఒంట్లో దాగి ఉందన్నమాట. చెరువులోకి పోతే బతకడానికి కావలసిన మొండితనమూ అట్లాగే ఉంది.

కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లతో మా నాగర్‌కర్నూలు వైపు ఎన్నో చెరువులు నిండాయి. వాటిలో కొర్రమీను, జెల్ల, పరక, బొమ్మిడాయి వంటివి ఎవరూ వదలకుండానే పుట్టి పెరిగే చేపలు. వాటి తరఫున మాట్లాడేవారు తక్కువ. కనుక నా మనవి ఒక్కటే. పిల్లలకు పెంచే ఓపిక తీరిందనో, ఇల్లు మారుతున్నామనో తొట్టిలోని చేపను చెరువులోనో వాగులోనో వదలనివ్వకండి. ఇంకొక ఇంటికి ఇప్పించండి, లేదా కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వండి. వదలడం పుణ్యమనే మాట విహారాల కొలనులకు సరిపోయింది. ఆ కొలనుకు గట్టు ఉంది, కాపలా ఉంది. మన చెరువుకు అలుగు ఉంది, అలుగు కింద వాగు ఉంది, వాగు చివర కృష్ణానది ఉంది.