నన్నెవరూ అడగలేదే!

కౌంట్‌డౌన్ అనగానే మా వైపు వాళ్ళకి శ్రీహరికోట గుర్తుకొస్తుంది. 1980 జులై 18న ఎస్‌ఎల్‌వి రాకెట్టు రోహిణిని మోసుకుంటూ పైకి పోయిన తర్వాత పది, తొమ్మిది, ఎనిమిది అని వెనక్కి లెక్కబెట్టడం మా పిలకాయలకి ఒక ఆట అయిపోయింది. బావిలో దూకాలన్నా అదే లెక్క, పందెం పరుగెత్తాలన్నా అదే లెక్క. మా మేనత్తని అడిగి చూడండి. "కౌంట్‌డౌనంటే రాకెట్టుది కాదమ్మీ, పాటలది" అంటుంది.

అత్త మాటని తీసిపారేయడానికి లేదు. రాకెట్టు కౌంట్‌డౌన్‌ని నలుగురి కళ్ళముందు పెట్టింది 1929లో జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన చంద్రమండల యాత్ర సినిమా. మన దేశంలో ఇంటింటికీ ఆ ఉత్కంఠని పంచిపెట్టింది మాత్రం రాకెట్లు కావు, రేడియో. బుధవారం రాత్రి ఎనిమిదింటికి పదహారో పాట నుంచి మొదలుపెట్టి ఒకటో పాట దాకా మెట్టు మెట్టూ ఎక్కించిన బినాకా గీత్‌మాలా.

2024 ఫిబ్రవరి 20న ఆ గీత్‌మాలా గొంతు, అమీన్ సయానీ, తొంభై ఒక్క ఏళ్ళ వయసులో కన్ను మూశారు. టీవీలో ఆ వార్త చూసి అత్త వడమాలపేట నుంచి నాకు ఫోన్ చేసింది.

"ఆయన పోయినాడంట అమ్మీ. మన క్యాసెట్టు యాడుందో చూడు" అంది.

ఆ క్యాసెట్టు సంగతి చెప్పాలంటే ముందు గీత్‌మాలా సంగతి చెప్పాలి.

1952లో బి.వి. కేస్కర్ కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యారు. ఆయనకి శాస్త్రీయ సంగీతమంటే ప్రాణం, సినిమా పాటంటే గిట్టదు. ఆకాశవాణిలో సినిమా పాటలు తగ్గి తగ్గి, దాదాపు లేకుండానే పోయాయి. మంత్రిగారు వద్దంటే జనం వింటారా? పక్కనే సముద్రం అవతల రేడియో సిలోన్ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల కోసం కొలంబోలో పెట్టిన బలమైన ట్రాన్స్‌మిటర్ యుద్ధం అయిపోయాక సిలోన్ చేతికొచ్చింది. షార్ట్‌వేవ్‌లో అది మన దేశం నలుమూలలకీ వినిపించేది. వాళ్ళకి సినిమా పాటలంటే పేచీ లేదు, వ్యాపార ప్రకటనలంటే అసలే లేదు. పళ్ళపొడులూ టూత్‌పేస్టులూ అమ్ముకునే కంపెనీలన్నీ అటు తిరిగాయి. మన తెలుగు పాటలకీ ఆ స్టేషన్లో చోటు దొరికింది. మీనాక్షి పొన్నుదురై గారి గొంతు తెలుగిళ్ళలో బంధువుల గొంతంత పరిచయం.

1952 డిసెంబరు 3న బినాకా టూత్‌పేస్టు పేరుమీద గీత్‌మాలా మొదలైంది. చెబితే నవ్వొస్తుంది గానీ, అప్పటికి అది కౌంట్‌డౌన్ కాదు, ఒక చిన్న పోటీ. ఏడు పాటలు వినిపిస్తారు, వాటిని సరైన వరసలో పెట్టి రాసిన వాళ్ళకి వంద రూపాయల బహుమతి. కార్యక్రమం నడిపినందుకు అమీన్ సయానీకి ముట్టింది వారానికి ఇరవై అయిదు రూపాయలు. అప్పటికి ఆయనకి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. బొంబాయిలో రికార్డు చేసి టేపుని విమానంలో కొలంబో పంపేవారు. అక్కడినుంచి ఆ గొంతు మళ్ళీ సముద్రం దాటి మన ఇళ్ళకొచ్చేది. మొదటి కార్యక్రమానికే తొమ్మిది వేల ఉత్తరాలు వచ్చిపడ్డాయనీ, ఏడాది తిరిగేసరికి వారానికి అరవై అయిదు వేలకి చేరాయనీ ఆయనే చెప్పుకునేవారు. అన్ని ఉత్తరాలు చదివి బహుమతులు తేల్చడం మనుషుల వల్ల అయ్యే పనేనా? పోటీ తీసేసి 1954 నుంచి పదహారు పాటల హిట్ పెరేడ్‌గా మార్చారు.

ఆ పద్ధతి అమెరికాలో పాతదే. 1935లోనే అక్కడ యువర్ హిట్ పెరేడ్ అనే కార్యక్రమం మొదలైంది. తర్వాత 1970 జులై 4న కేసీ కేసమ్ అనే ఆయన అమెరికన్ టాప్ ఫార్టీ మొదలుపెట్టి నలభయ్యో పాట నుంచి ఒకటో పాటకి లెక్కబెట్టాడు. 1964 ఏప్రిల్ 4న బిల్‌బోర్డ్ పత్రిక జాబితాలో మొదటి అయిదు స్థానాలూ బీటిల్స్ వాళ్ళవే అయితే ప్రపంచమంతా నోరు తెరిచింది. ఒకే బృందం పాటలు ఒకటి నుంచి అయిదు దాకా! మన గీత్‌మాలాలోనూ ఒక్కో ఏడాది ఒకే సంగీత దర్శకుడి పాటలు మెట్లన్నీ ఆక్రమించేసి మిగతా వాళ్ళని ముప్పుతిప్పలు పెట్టడం ఉండేది.

మరి ఏ పాట ఏ మెట్టు మీద ఉండాలో ఎవరు చెప్పాలి? మొదట దేశంలోని పెద్ద పెద్ద రికార్డుల దుకాణాల్లో అమ్మకాలు చూసి చెప్పారు. న్యాయంగానే ఉందనిపిస్తుంది. కానీ బాగా నచ్చిన పాట రికార్డులన్నీ అమ్ముడైపోయి కొత్తవి రాకపోతే, ఆ వారం అమ్మకం సున్నా! జనం నోళ్ళలో పాట మార్మోగుతూనే ఉంటుంది, మెట్టు మీదనుంచి మాత్రం కింద పడుతుంది. అది గమనించి శ్రోతల సంఘాల అభిప్రాయాలు కూడా కలుపుకున్నారు. ఊరూరా రేడియో సంఘాలు పుట్టుకొచ్చాయి. బీహారులో (ఇప్పుడది ఝార్ఖండ్) ఝుమ్రీ తిలైయా అనే ఊరుంది. మన గూడూరు వైపు లాగా అభ్రకం గనుల ఊరు. అక్కడివాళ్ళు రేడియోకి రాసినన్ని ఉత్తరాలు మహానగరాల వాళ్ళు కూడా రాయలేదేమో! ఉత్తరాల వల్లే ఆ ఊరి పేరు దేశమంతా తెలిసింది.

ఇక వడమాలపేట. రేణిగుంట నుంచి పుత్తూరు మీదుగా మద్రాసు పోయే రోడ్డు మీద ఉంటుంది మా నాయన పుట్టిన ఊరు. అప్పట్లో చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. మా తాత ఇంట్లో ఒక వాల్వు రేడియో ఉండేది. స్విచ్చి వేసి లోపల వెలుగొచ్చేదాకా ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. ఏటా పోస్టాఫీసులో లైసెన్సు డబ్బు కట్టాలి. మద్రాసు స్టేషను చక్కగా వచ్చేది, 1963 నుంచి కడప కూడా తోడైంది. సిలోన్ మాత్రం కెరటాలలాగా ఉబికొచ్చి, అంతలోనే వెనక్కి పోయేది. దాన్ని పట్టుకోవడానికి మిద్దె మీదనుంచి వేపచెట్టు దాకా రాగితీగ కట్టారు.

ఆడపిల్ల రాత్రిపూట సినిమా పాటలు వింటానంటే తాత ఊరుకుంటాడా? అత్త ఒక ఉపాయం పన్నింది. అప్పుడామె దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలకి చదువుతోంది. ప్రాథమిక అయింది, మధ్యమ అయింది, రాష్ట్రభాషకి కట్టింది. "ఉచ్చారణ బాగుపడాలంటే హిందీ వినాలని మా మేష్టారు చెప్పినాడు నాయనా" అంది. మహాత్మాగాంధీ 1918లో ఏ ఉద్దేశంతో మద్రాసులో ఆ సభని మొదలుపెట్టారో గానీ, మా అత్తకి మాత్రం అది గీత్‌మాలా వినడానికి పనికొచ్చింది! ఆ రోజుల్లో ఇలాంటి ఉచ్చారణ కోసం రేడియో విన్న ఆడపిల్లలు మా ఊళ్ళో ఒక్కరే ఉండరని నా నమ్మకం.

"ఆయన 'బెహనో ఔర్ భాయియో' అనేవాడు. చూసినావా, ముందు ఆడోళ్ళని పిలిచేవాడు. మనింట్లో అన్నానికి కూడా ముందు మగోళ్ళనే కదా పిలిచేది!" అంటుంది అత్త ఇప్పటికీ.

1968లో ఒక రోజు అత్త ధైర్యం చేసి ఆ కార్యక్రమానికి కార్డు రాసింది. వచ్చిన హిందీ అంతా వాడి, నచ్చిన పాట పేరు పెట్టి, కింద సంతకం దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. పేరు చదివితే? కాఫీ హోటల్లో రేడియో ఉంది, సైకిల్ షాపులో ఉంది. ఫలానా వారి అమ్మాయి పేరు సిలోన్లో చెప్పినారంటే పెళ్ళి సంబంధాలు ఏమైపోవాలి? ఆలోచించి ఆలోచించి మా నాయన పేరు రాసి పంపింది. ఆ తర్వాత నాలుగైదు బుధవారాలు రేడియో దగ్గరే వడ్డన. ఆ పేరు చదవనే లేదు. వేల ఉత్తరాల్లో ఒక కార్డు! "చదివుంటే మాత్రం ఏముంది, చప్పట్లు మీ నాయనకి" అని నవ్వేస్తుంది.

అత్తకి మేనరికమే అయింది. ఊళ్ళోనే ఉండిపోయింది.

1992 వేసవి సెలవులకి మేము పిల్లలమంతా వడమాలపేటలో చేరాం. అప్పటికి గీత్‌మాలా సిలోన్ నుంచి వివిధభారతికి వచ్చేసింది. మా చిన్నాయన కువైట్ నుంచి రెండు క్యాసెట్ల టేప్‌రికార్డర్ తెచ్చాడు. ఇంకేముంది, మేమే ఒక కౌంట్‌డౌన్ తయారుచేద్దామనుకున్నాం. 'వడమాలపేట వారి పది మేటి పాటలు!' పద్ధతి ప్రకారం చీటీలు చింపి, ఊళ్ళో ఓట్లు సేకరించాం. కాఫీ హోటలు, సైకిల్ షాపు, టైలరు, మంగలి షాపు, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు. నలభై చీటీలొచ్చాయి. సగం తెలుగు పాటలు, సగం అరవ పాటలు. మా ఊరు అలాంటిది. పొరుగింట్లోంచి క్యాసెట్లు అరువు తెచ్చి, పాటకీ పాటకీ మధ్య మా అన్న అమీన్ సయానీ గొంతుతో తెలుగులో ప్రకటించి, ఒకటో పాట ముందు స్టీలు పళ్ళెం మీద గరిటెతో మోగించి, మూడు రోజులు కష్టపడ్డాం. సాయంత్రం అరుగు మీద అందరినీ కూచోబెట్టి వినిపించాం. అందరూ మెచ్చుకున్నారు.

అత్త గుమ్మంలో నిలబడి వింది. అయిపోయాక, "బాగుంది గానీ, నన్నెవరూ అడగలేదే!" అంది.

మా అన్న లెక్కల మనిషి. చీటీలన్నీ మళ్ళీ తీసి చూశాడు. నలభైలో ఆడవాళ్ళవి మూడు. అందులో రెండు నావీ, మా చెల్లెలివీ. మూడోది టైలరు షాపుకి జాకెట్టు కోసం వచ్చినావిడది. రోజంతా రేడియో పెట్టుకుని వంట చేసేది ఎవరు, బట్టలుతికేది ఎవరు, పూలు కట్టేది ఎవరు? పాటలన్నీ వచ్చినవాళ్ళు ఇళ్ళలో ఉంటే మేము షాపుల్లో అడిగొచ్చాం. దొంగలెక్క రాయలేదు, ఎవరినీ మోసం చెయ్యలేదు. అడగాల్సిన చోటికి పోలేదు, అంతే.

ఇప్పుడు ఆ పాత గీత్‌మాలా జాబితాలు చూసినప్పుడల్లా నాకు ఆ చీటీలే గుర్తొస్తాయి. ఫలానా ఏడాది దేశమంతా మెచ్చిన పాట ఇదీ అని రాస్తుంటారు. దేశమంతా అంటే ఎవరు? గ్రామఫోను ఉన్న ఇళ్ళవాళ్ళు రికార్డు కొన్నారు. చదువొచ్చి, తీరిక ఉండి, చేతిలో కార్డుకి డబ్బులున్న వాళ్ళు ఉత్తరం రాశారు. ఒక్క రేడియో చుట్టూ ఇరవై మంది కూర్చుని విన్న ఊళ్ళో ఒక్కడు రాస్తే లెక్కలోకి వచ్చింది ఒక్కడే. గీత్‌మాలా వాళ్ళని తప్పుబట్టడానికి నాకు నోరు రాదు. దుకాణాల లెక్క చాలదని తెలిసి ఇంకో దారి వెతికారు కదా, మాకు అదీ తోచలేదు. అయినా మా అత్తలాగా సొంత పేరు రాసుకోలేక అన్న పేరో తమ్ముడి పేరో పెట్టినవాళ్ళు ఎందరో! లెక్కలో వాళ్ళు ఉన్నారు, పేర్లలో లేరు.

ఇంతకీ మా క్యాసెట్టు. ఆ రాత్రే మా అన్న పదో పాట చెరిపేశాడు. అత్త కోరిన పాట ఏమిటో చెప్పమన్నాం. ఘంటసాల, సుశీల కలిసి పాడిన పాట ఒకటి చెప్పింది. ప్రకటన మాత్రం నువ్వే చెయ్యాలని మైకు దగ్గర కూచోబెట్టాం. రెండుసార్లు నవ్వొచ్చి ఆగిపోయింది. మూడోసారి గొంతు సర్దుకుని, పాట పేరు చెప్పి, "ఈ పాట కోరినవారు" అని, తన పేరూ ఇంటిపేరూ ఊరిపేరూ చెప్పింది. పక్కన అవ్వ, "మెల్లిగా మాట్లాడు, రోడ్డు మీదికి ఇనపడతాది" అనడం కూడా అందులో పడింది.

అత్త ఫోన్ చేసిన రోజు పెట్టెలన్నీ వెతికితే ఆ క్యాసెట్టు దొరికింది. టేపు ముడతలు పడింది. వినడానికి మా ఇంట్లో టేప్‌రికార్డర్ లేదు. తిరుపతిలో పాత రేడియోలు బాగుచేసే ఒకాయన రెండు రోజులు ఉంచుకుని కొత్త డొక్కులోకి మార్చి, ఫోన్లోకి ఎక్కించి ఇచ్చాడు. మొన్న వడమాలపేట పోయి అత్తకి వినిపించాను. మా అన్న గొంతు విని నవ్వింది, అవ్వ గొంతు విని కళ్ళు తుడుచుకుంది. తన పేరు వచ్చినప్పుడు మాత్రం, "ఇంకొంచెం సౌండు పెట్టమ్మీ" అంది.